నలభై రెండు కిలోల ఇసుక

స్ప్రింగుల మేస్త్రిని సాయంత్రం నాలుగింటికి కోర్టులో నిలబెడతారు. నిలబెట్టగానే తప్పు ఒప్పేసుకుంటానని ఆయన అప్పటికే ఇద్దరు కానిస్టేబుళ్లతో చెప్పి ఉన్నాడు. టేపాయన లాకప్ ముందు స్టూలు లాక్కుని కూర్చునేసరికి పదిన్నర. చేతిలో ఉన్నది ఐదున్నర గంటలు.

టేపాయన ఒకప్పుడు పోలీసు శాఖలో రోడ్డు ప్రమాదాలకు కొలతలు తీసిన మనిషి. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాడు. జేబులో దర్జీల గుడ్డ టేపు లేకుండా గుమ్మం దాటడు, అందుకే ఆ పేరు. మనిషి మాట మారుస్తాడు గానీ అంగుళం మాట మార్చదని ఆయన నమ్మకం.

కేసు చూడ్డానికి చిన్నదే. బుధవారం ఉదయం ఆరూ నలభైకి, మ్యాపులు గీసే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, జబ్బుతో ఉన్న భార్యను కారు వెనక భాగంలో పరుపు మీద పడుకోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. ఏడూ ఐదుకి క్వారీ మలుపులో కారు రోడ్డు దిగి బురద కాలవలో పడింది. ఆవిడ పోయింది. ఆయనకి పక్కటెముకలు విరిగాయి. కారు వెనక ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే ఇనప ఆర్మ్‌కి బోల్టు లేదు. ఆ కారుకి సస్పెన్షన్ పనంతా చేసి మంగళవారం సాయంత్రమే అప్పగించినవాడు స్ప్రింగుల మేస్త్రి. ఇవాళ శుక్రవారం.

"బిగించావా, లేదా?" అని అడిగాడు టేపాయన.

మేస్త్రి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూస్తున్నాడు. అరవై ఆరేళ్లు. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదల్లేదు.

"చేతులు బిగించామనే అంటున్నాయి బాబూ. బుర్రే సాక్ష్యం చెప్పట్లేదు."

ఈమధ్య మరుపు ఎక్కువైందట. తాళాలు ఎక్కడ పెట్టిందీ గుర్తుండదు. మొన్నామధ్య సొంత కూతుర్ని పోయిన అక్క పేరు పెట్టి పిలిచాడు. నలభై ఏళ్లలో విడిచిపెట్టని బోల్టు ఈసారి విడిచిపెట్టలేదని ఏ నమ్మకంతో చెప్పేది అన్నాడు. ఆ తర్వాత గొంతు దించి ఇంకో మాట అన్నాడు.

"ఆవిడ కోసం చేసిన బండి అది. నేనే మర్చిపోయి ఉంటే నాకు శిక్ష పడకపోతే ఎలా?"

తప్పు చేసినవాడు తప్పించుకు తిరగడం టేపాయన ముప్పై ఏళ్లుగా చూశాడు. చేశానో లేదో తెలియనివాడు శిక్షకి తొందరపడటం ఇదే మొదటిసారి. స్టూలు పక్కకి జరిపి లేచాడు.

షెడ్డుకు చేరేసరికి పదకొండుంబావు. మేస్త్రి కూతురు, బళ్ల అడుగు పని కోసం తవ్విన గొయ్యి అంచున నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, పదకొండేళ్లుగా తండ్రితో పాటు కార్ల కింద దూరి పనిచేస్తోంది. టేపాయనకి కబురు పెట్టింది ఆవిడే. ఏడ్చిన ముఖమే గానీ మాటలో తడి లేదు. పని చీటీ తీసి చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆ కారుని ఆ ఇంట్లో 'పొడుగుది' అంటారు. ముప్పై ఏళ్ల నాటి స్టేషన్ వ్యాగన్. చూస్తే సామాన్లు మోసుకునే సంసారుల బండి, మూత తీస్తే రేసు గుర్రం. కొనమని పట్టుబట్టింది ఆయన కాదు, ఆవిడే. కొంటే ఇది కొను, లేదంటే నడిచే తిరుగుదాం అందట. పక్క సీట్లో మ్యాపు విప్పుకుని కూర్చుని, ముందు పోయే ప్రతి బండినీ దాటించేదాకా మొగుణ్ణి ఊరుకోనిచ్చేది కాదట. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట ఎముకల జబ్బు పట్టుకుంది. కూర్చోలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెనక పడుకునే వెళ్లాలి. ఈలోగా పొడుగుదీ ముసలిదైంది. షాక్ అబ్జార్బర్లు నూనె కక్కేశాయి, ఇనప ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులు బీడు నేల్లా నెర్రెలు విచ్చాయి. గుంత వచ్చినప్పుడల్లా దెబ్బ నేరుగా ఆవిడ ఎముకల్లోకి వెళ్లేది.

"ఇలాంటి బండి తెచ్చినవాళ్లందరూ దాన్ని ఇంకా కిందికి దించమంటారు, ఇంకా గట్టిగా చెయ్యమంటారు బాబాయ్. ఈయనొక్కడే పడవలా చేసిపెట్టమన్నాడు."

తొమ్మిది రోజులు పట్టింది. నాలుగు కొత్త షాక్‌లు వేసి, మరలు బాగా మెత్తటి వైపుకి తిప్పి పెట్టారు. స్ప్రింగులు ఒక మెట్టు మెత్తనివి వేశారు. రబ్బరన్నది ఒక్కటీ పాతది ఉంచలేదు. బోల్టుల దగ్గర మాత్రం మేస్త్రికి ఒక పట్టింపు ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా రబ్బరు బుష్షు బోల్టు బిగించకూడదు. ఏ ఎత్తులో బిగిస్తే ఆ ఎత్తునే రబ్బరు తన ఇల్లనుకుంటుంది. వేలాడినప్పుడు బిగిస్తే, బండి కిందికి దిగాక రోజంతా మెలిపడి ఉండి ఆర్నెల్లకే తెగుతుంది. అందుకే బండిని గొయ్యి మీద నాలుగు చక్రాల మీదా నిలబెట్టి కిందినుంచి బిగిస్తాడు.

"ఈ బండికి ఇంకో మెట్టు ఎక్కాడు నాన్న. అమ్మగారి బరువెంతని అడిగాడు. నలభై రెండు కిలోలని చెప్పి పెద్దాయన అటు తిరిగి నిలబడ్డాడు. రెండేళ్ల కిందట అరవై ఒకటట. నాన్న రెండు సంచుల్లో సరిగ్గా నలభై రెండు కిలోల ఇసుక పోసి, ఆవిడ పడుకునే చోట పరిచాడు. పెద్దాయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు బిగించాడు."

"నువ్వు చూశావా?"

"ఇసుక నేనే మోశాను. బిగించేటప్పుడు మాత్రం పక్క బండి కింద ఉన్నాను." అదే ఆవిడ బాధ. "బిగించిన ప్రతి బోల్టు మీదా, పక్కనున్న ఇనుము మీదికి కూడా వచ్చేలా రంగుతో ఒక గీత గీస్తాం. నావి తెలుపు, నాన్నవి పసుపు."

చీటీ మీద మేస్త్రి చేతిరాత: వెనక చక్రం నడిబొడ్డు నుంచి రేకు అంచుకి ఖాళీగా 36 సెం.మీ., బరువుతో 34½.

టేపాయన ఆ అంకెను రెండుసార్లు చదివి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జాకీ, టార్చీ పట్టుకుని రమ్మన్నాడు.

పోలీసు యార్డులో పొడుగుది ముక్కు నలిగి, వెనక రెండు చెక్క దిమ్మల మీద లేచి ఉంది. కుడి వెనక చక్రం విరగడంతో క్రేనువాళ్లు తెచ్చిన రోజే అలా నిలబెట్టారు. ఎడమ చక్రం గాల్లో వేలాడుతోంది. అడుగంతా నల్లటి కాలవ బురద వేలెడు మందాన ఎండిపోయి ఉంది. వెనక పరుపు అలాగే ఉంది, మీద తలగడ లేదు. మేస్త్రి కూతురు పరుపు వైపు చూడకుండా కిందికి దూరింది.

టేపాయన వెల్లకిలా పడుకుని ఎడమ ఆర్మ్ దగ్గర టార్చీ నిలిపాడు. బోల్టు ఉండాల్సిన కంత చుట్టూ చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద వలయం. అంత మేర ఇనుము శుభ్రంగా మెరుస్తోంది. దాని చుట్టూ బురదే. బురదను గోటితో గీకితే, కింద పసుపు గీత. ఆ గీత వలయం అంచు దాకా వచ్చి, కత్తిరించినట్టు ఆగిపోయింది.

"ఏం గురువుగారూ, జాకెట్టు కొలతలా?"

మాట వచ్చిన వైపు బూట్లు కనిపించాయి. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. పదేళ్ల కిందట టేపాయన దగ్గరే టేపు కొస పట్టుకుని పని నేర్చుకున్నవాడు.

"మీ కేసుకు కుట్టిన చొక్కా పొట్టయింది. ఎంత పొట్టో చూస్తున్నాను," అన్నాడు టేపాయన లోపలినుంచే.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. బోల్టు లేదు, బిగించాల్సినవాడు బిగించలేదంటున్నాడు, ఇంకేం కావాలన్నాడు. ముసలాడి మీద తనకేమీ కసి లేదన్నాడు. ఒక ఆడమనిషి చచ్చిపోయింది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

"ఎద్దు ఈనిందని ఎవరో అన్నారు, మీరు గాట కట్టేశారు. వంగి ఇటు చూడండి. గోడకున్న పటం తీసేస్తే దాని వెనక గోడ తెల్లగా ఉంటుందా లేదా? ఇదీ అంతే. బురద పడ్డప్పుడు బోల్టు ఇక్కడే కూర్చుని ఉంది."

ఇన్‌స్పెక్టరు వంగాడు. చాలాసేపు చూశాడు. కాలవలో పడ్డాక, క్రేను లాగుతున్నప్పుడు ఊడి ఉండొచ్చుగా అన్నాడు. వదులుగా ఉన్న బోల్టు ఎప్పుడైనా ఊడొచ్చు.

దానికి మేస్త్రి కూతురు జవాబు చెప్పింది, చేతలతో. బుష్షు మధ్యలో ఉండే ఇనప గొట్టానికి సన్నటి పళ్లుంటాయి. బోల్టు గట్టిగా బిగిస్తే ఆ పళ్లు పక్క ఇనుములోకి కరుచుకుంటాయి. ఆ కాట్లు ఇక్కడ లోతుగా ఉన్నాయి. వదులు బోల్టు కాటు వెయ్యదు. ఆ కాట్ల మీదుగా ఒకే ఒక్క కొత్త గీత, నెలవంకలా. చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టు విప్పితే, మెలిపడి ఉన్న రబ్బరు ఒక్కసారిగా తన ఇంటికి తిరుగుతుంది. తిరుగుతూ ఇనుమును గీరుతుంది. రోడ్డు మీద వదులై ఊడితే ఇలా ఒక్క గీత పడదు, నూరు గీతలు పడి నునుపైపోతుంది.

ఆవిడ ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపింది. గొట్టం పళ్లు ఇనుము మీది కాట్లతో కలిసిన చోట ఆపింది. టేపాయన చక్రం నడిబొడ్డు మీద టేపు పెట్టి, కొస రేకు అంచు దాకా లాగి, బొటనవేలితో నొక్కి పట్టి, ఆ టేపునే ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాడు.

"మీరే చదవండి."

ముప్పై నాలుగున్నర.

టేపాయన జేబులోంచి చీటీ తీసి దాని పక్కన పెట్టాడు. మేస్త్రి కూతురు చీటీ చూడలేదు. జాకీ పిడి మీద చేతులు పెట్టి, వాటి మీద నుదురు ఆనించింది. "మా నాన్న మర్చిపోలేదు," అంది, ఎవరితోనూ కాదు.

తాను బండి చూసినప్పటినుంచీ యార్డు తాళం తన దగ్గరే ఉందన్నాడు ఇన్‌స్పెక్టరు. బండి బుధవారం తొమ్మిదిన్నరకి వచ్చింది, మీరు చూసింది పదకొండుంబావుకి, ఆ మధ్యలో ఎవరొచ్చారని టేపాయన అడిగాడు. గేటు కానిస్టేబులు నీళ్లు నమిలాడు. పదీ పదికి చనిపోయినావిడ తమ్ముడొచ్చాడట. బస్సు డిపోలో ఫిట్టరు. అక్క తలగడ తీసుకెళ్తానన్నాడు. కాదనలేక వదిలాడు.

"ఎంతసేపున్నాడు?"

"ఇరవై అయిదు నిమిషాలుంటాడండి."

"తలగడ చాలా బరువుండి ఉంటుంది," అన్నాడు టేపాయన.

ఇన్‌స్పెక్టరు ముఖం గంటు పెట్టుకున్నాడు. కానీ తెలివైనవాడు, కత్తిని అటునుంచి ఇటు తిప్పాడు.

"సరే, మీరన్నట్టే బండిలో లోపం లేదు. మరి మలుపులో బండిని కాలవలోకి దించిందెవరు? నడిపినవాడు. ఒక ముసలాణ్ణి విప్పి ఇంకో ముసలాణ్ణి కడుతున్నారు గురువుగారూ. ఆలోచించుకోండి."

టేపాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు రాసిన పోస్టుమార్టం కాగితం ఒకసారి చూపించమన్నాడు. ఏముంది అందులో, ఎముకలన్నీ విరిగాయని రాశాడు అంటూ ఇన్‌స్పెక్టరు ఫైలు చాచాడు. టేపాయన చివరి నాలుగు వరుసలూ నిదానంగా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫైలు తిరిగి ఇచ్చేసి, మీరూ ఆసుపత్రికి రండి అన్నాడు. మేస్త్రి కూతురూ వాళ్ల వెంట బయల్దేరింది.

రెండూ నలభైకి ఆసుపత్రి వరండాలో, పెద్దాయన గది బయట బెంచీ మీద, ఆయన బావమరిది తలగడ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. కుడిచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. టేపాయన వెళ్లి పక్కనే కూర్చున్నాడు. డిపోలో పనెలా ఉందని అడిగాడు. బస్సుల కింద స్ప్రింగులకి బదులు ఇంకా కమాను పట్టీలేనా అన్నాడు. పట్టీలేనండి అన్నాడతను.

"వాటితో ఒక సుఖం ఉంది. బోల్టు విప్పితే ఊరికే వస్తుంది. ఈ కార్ల రబ్బరు అలా కాదు, ఒళ్లంతా మెలిపెట్టుకుని కూర్చుంటుంది. విప్పగానే తన్నుతుంది. బాగా నలిగిందా వేలు?"

అతను వేలు తలగడ కిందికి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. ఆ సంగతి అతనికీ తెలిసింది. తలగడ గలీబులో చెయ్యి పెట్టి, లోపలినుంచి బోల్టు తీసి బెంచీ మీద పెట్టాడు. తల మీద సగం పసుపు గీత.

"పారెయ్యడానికి చేతులు రాలేదండి," అన్నాడు.

బావ రెండేళ్లుగా రాత్రిళ్లు సరిగ్గా పడుకున్నది లేదు. అక్కకి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మలుపులో బండి దిగిందనగానే, బావ కునుకు తీశాడనే అనుకున్నాడు. అది ఆయన చెవిన పడితే, నా చేతులతోనే చంపుకున్నానని ఆయన బతకడు. బండిదే తప్పయితే ఆయనకి ఏడవడానికైనా వీలుంటుంది. మేస్త్రికి మహా అయితే జరిమానా వేస్తారనుకున్నాడు. లాకప్‌లో పెడతారని తెలియదు. తెలిశాక, ముందుకీ వెనక్కీ అడుగు పడక, ఈ బెంచీ మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి సంగతి బావకి చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు బోల్టును రుమాల్లో చుట్టాడు. వరండా చివరికి నడిచి స్టేషనుకి ఫోను చేసి, మేస్త్రిని బండి ఎక్కించొద్దన్నాడు. తిరిగొచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు లోపలున్నాయన పేరు రాసుకోవాలి. నాకు వేరే దారి లేదు."

"ఒక్క ప్రశ్న నన్ను అడగనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాడు టేపాయన.

కానీ తలుపు అప్పటికే ఓరగా తెరిచి ఉంది. మంచం మీద పెద్దాయన కళ్లు తెరుచుకునే ఉన్నాడు. బోల్టు బెంచీ మీద పెట్టిన చప్పుడు కూడా ఆయనకి వినిపించే ఉంటుంది.

"ఒరేయ్," అన్నాడు బావమరిదిని చూసి. కోపం లేదు. "నేను నిద్రపోలేదురా."

టేపాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "డాక్టరు ఒక మాట రాశాడండి. ఎముకలు విరిగిన చోట నెత్తురు కమ్మలేదని. అంటే, బండి కాలవలో పడకముందే ఆవిడ..."

"అంటే నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదేమో."

ఊపిరి తీస్తే పక్కటెముకలు పొడుస్తున్నాయి. అందుకని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇంటినుంచి ఆసుపత్రి దాకా పెద్ద గుంతలు పద్నాలుగు. ఆవిడ మ్యాపు చదివిన మనిషి కదా, వెనక పడుకునే కిటికీలో చెట్ల కొమ్మలు చూసి ఏ గుంత వస్తోందో చెప్పేది. గుంత తగిలినప్పుడల్లా ఆ రోడ్డు వేసినవాణ్ణి ఏడు తరాల వెనక్కి వెళ్లి తిట్టేది. నొప్పికి మూలిగితే మొగుడు బాధపడతాడని, మూలుగుని తిట్టుగా మార్చుకుందని ఆయనకి తెలుసు. రెండేళ్లుగా ఆ తిట్లు వింటూనే, వెనక్కి తిరిగి చూడకుండా నడిపాడు.

బుధవారం మొదటి గుంత వచ్చింది. "ఏమండీ, పూడ్చేశారా దీన్ని?" అంది. రెండోది వచ్చింది. నవ్వింది. మేస్త్రి చేతులకి దండం పెట్టాలి అంది. మూడోది వచ్చింది, ఏమీ అనలేదు.

"హాయిగా ఉందేమో అనుకున్నాను. కునుకు పట్టిందేమో, పట్టనీ అనుకున్నాను. నాలుగోది, అయిదోది. ఒక్క మాట లేదు. నేను... సంతోషంగా నడిపానండి. రెండేళ్లలో అంత సంతోషంగా ఎప్పుడూ నడపలేదు. మలుపు దగ్గరది పదకొండోది. అది దాటించి, చూశావా, ఇది కూడా తెలీలేదు కదూ అని అడిగాను. పలకలేదు. అప్పుడు వెనక్కి తిరిగాను."

ఇన్‌స్పెక్టరు తెరిచిన పుస్తకంలో పేరు రాయలేదు. కలం జేబులో పెట్టి, పుస్తకం మూసేశాడు. బావమరిది తలగడతో ముఖం కప్పుకున్నాడు.

పెద్దాయన గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి కూతుర్ని అప్పుడు చూశాడు. దగ్గరికి రమ్మన్నట్టు వేళ్లు కదిపాడు.

"మీ నాన్నకి ఏ మచ్చా రానివ్వకమ్మా. పని బాగా చేశాడని చెప్పు. మూడో గుంత దగ్గర్నుంచి మా ఆవిడ ఒక్క తిట్టు తిట్టలేదు."